మహిళా కళాశాలలు – ఫుట్‌బాలు శిక్షకులు

అమీరుపేటలో 'కోచింగు' అను మాటకు అర్థము చెప్పవలసిన పనిలేదు. మెట్రో స్టేషను మెట్లు దిగిన బాటసారికి మైత్రీవనము చుట్టునుగల మేడల గోడలే దానిని బోధించును. కంప్యూటరు భాషలు నేర్పువారు, ఉద్యోగపు పరీక్షలకు సిద్ధము చేయువారు, అమెరికా చదువునకు వలసిన ఆంగ్లపరీక్ష గట్టెక్కించువారు, అందరును అచట కోచింగు గురువులే. జిల్లాలలో పొలము తాకట్టు పెట్టి తండ్రులు పంపిన ద్రవ్యముతో ఆ గదులు నిండుచున్నవి. దీనిని మేము ఆక్షేపించుటలేదు. కాని పంజాగుట్ట కూడలినుండి ఆ వీధుల వెంట నడచుచు ఒక బాలిక, తనకు ఫుట్‌బాలు నేర్పు కోచ్ ఎక్కడ దొరకునని యడిగినచో, జవాబు చెప్పగలవారు ఎందరు? ఆ విద్యనే వృత్తిగా చేసికొని, ఒక మహిళా కళాశాలలో ముప్పది సంవత్సరములు కొలువు చేసి, గౌరవముగా విశ్రమించిన స్త్రీని ఊహించుటయే మనకు కష్టముగా నున్నది.

ఇట్టి వృత్తి లోకములో లేనిది కాదు. విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్షము కూడదని అమెరికా 1972లో ఒక శాసనము చేసినది. అది ఆటస్థలములకును వర్తించెను. 1979లో నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయము స్త్రీల ఫుట్‌బాలు జట్టును నెలకొల్పి ఆన్సన్ డోరెన్స్ అను శిక్షకునికి అప్పగించినది. ఆయన 2024 వరకు, నలువదియైదేండ్లు, ఆ పదవిలోనే యుండి ఇరువదిరెండు జాతీయ విజయములు గడించెను. 1991లో చీనాలో జరిగిన మొదటి మహిళా ప్రపంచకప్పును కూడ తన దేశమునకు సంపాదించి పెట్టెను. ఆ గెలిచిన జట్టునకు నాయకురాలగు ఏప్రిల్ హైన్రిక్స్ ఆయన శిష్యురాలే. ఆమె మేరీలాండు, వర్జీనియా విశ్వవిద్యాలయములలో శిక్షకురాలై, పిమ్మట జాతీయ జట్టునకు గురుస్థానము వహించి, 2004లో ఏథెన్సు ఒలింపిక్కులలో స్వర్ణపతకము తెచ్చినది. ఆటకత్తె, కళాశాల శిక్షకురాలు, జాతీయ శిక్షకురాలు: ఇది లాయరు వృత్తివలె, వైద్యవృత్తివలె మెట్లుగల నిచ్చెన.

మన అమీరుపేటలో పరీక్ష గట్టెక్కిన ఆడపిల్ల అట్టి విశ్వవిద్యాలయమునకే పోవుచున్నది. అచట పలుచోట్ల విద్యార్థులు చెల్లించు రుసుములో ఆటల పద్దు కూడ చేరియుండును. తన యూర కాలేజీలో ఏ ఆటకు తండ్రి కానియైన నీయడో, ఆ ఆటకు అచ్చట డాలరులలో చందా కట్టుచున్నాడన్నమాట!

అయితే అమెరికా యనుభవములో ఒక హెచ్చరికయు కలదు. శాసనమునకు పూర్వము స్త్రీల కళాశాల జట్లకు శిక్షకులుగా నున్నవారిలో నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలే. వారిలో పెక్కురకు జీతము స్వల్పము, కొందరికి లేనేలేదు. పిమ్మట జీతము వచ్చినది, గౌరవము వచ్చినది; వానితో పురుషులును వచ్చిరి. స్త్రీల సంఖ్య సగమునకు లోబడిపోయినది. పురుషులు నేర్పరాదని మేమనము. డోరెన్సు కథ చెప్పిన పిమ్మట అట్లనుట న్యాయము కాదు. కాని పదవిని సృష్టించునాడే అది యెవరికి అందవలెనో ఆలోచింపకున్నచో ఏమగునో ఇది చూపుచున్నది.

శిక్షకుని విలువ హైదరాబాదు ఎరుగనిది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీము సాహేబు (1909–1963) కాచిగూడ, చాదరుఘాటు పాఠశాలలలో బోధించిన ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము పొందినది. 1956లో మెల్బోర్నులో నాల్గవ స్థానమున నిలిచినది. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని నియమము పెట్టి ఆయన పందెములు నడపెను. ఆ ఆటగాండ్రకు పోలీసు కొలువు అన్నము పెట్టినది. ఆటయును, అన్నమును, గురువును ఒకచోట కూడినప్పుడు ఈ నగరము దేశమునకే తలమానికమైనది. ఆ మూడును మగపిల్లలకే కూడినవి.

ఇంగ్లాండులో ఫుట్‌బాలు సంఘమువారు 1921లో స్త్రీలను తమ మైదానములనుండి బహిష్కరించి, ఆ నిషేధమును 1971నాటికిగాని తొలగింపలేదు. మనకు నిషేధముతో పనిలేకపోయినది. ఉపేక్షయే ఆ పని నెరవేర్చినది. అయినను 1975లో మన స్త్రీల ఫుట్‌బాలునకు ప్రత్యేక సంఘమేర్పడిన కొలది సంవత్సరములలోనే, 1980లోను 1983లోను భారత వనితలు ఆసియా పోటీలలో ద్వితీయస్థానము పొందిరి. 2025 జూలైలో థాయిలాండును దాని గడ్డమీదనే ఓడించి ఆసియా కప్పునకు అర్హత గడించిరి. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబు జట్టున చేరినది. 2024–25కు దేశములో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెనే ఎన్నుకొన్నది. తండానుండి బాలిక అంతదూరము పోగలిగినప్పుడు, రాజధాని నడిబొడ్డున నున్న కళాశాలలు మాకు పిల్లలు దొరకరని చెప్పజాలవు.

లోపము పదవిలో నున్నది. మన కళాశాలలలో వ్యాయామాధ్యాపక పదవి యొకటి కలదు. దానికి వ్యాయామవిద్యలో ఎం.ఏ.తో సమానమగు పట్టము ప్రధానార్హత. ఖోఖో మొదలు చదరంగము వరకు సమస్తమును ఆ యొక్కరే చూడవలెను. బాల్యమంతయు మైదానమున గడపి, పాటియాలా క్రీడాసంస్థ డిప్లొమానో, ఫుట్‌బాలు సమాఖ్య లైసెన్సునో సంపాదించిన యువతికి ఆ తలుపు సులభముగా తెరచుకొనదు. అంతర్విశ్వవిద్యాలయ పోటీలు సమీపించినప్పుడు కొన్ని వారములకు పిలుపు, పోటీలు ముగియగానే సెలవు. కూలికి వచ్చినవాడును కోత అయిన పిమ్మట మరల నాటునకు పిలుపు వచ్చునని ఆశపడును. ఈమెకు ఆ ఆశయు నిశ్చయము కాదు. ఇట్టి బ్రదుకును చూచి ఏ తల్లి తన కుమార్తెను ఆ వృత్తికి పంపును?

తల్లుల భయములను మేము పరిహసింపము. చీకటిపడు వేళ మైదానము, పొట్టి నిక్కరు, నలుగురి చూపులు, ఎండకు నల్లబడిన ముఖమును చూచి పెండ్లివారేమందురోయను బెంగ: వీనికి ఉపన్యాసములు జవాబు కావు. రేపును, మరుసటి సంవత్సరమును అచటనే యుండునని తెలిసిన ఒక స్త్రీ, సాయంకాలము పిల్లలను లెక్కపెట్టి ఇంటికి పంపునది, జవాబు.

అమీరుపేటకు ఆనుకొనియున్న బేగంపేటలోనే ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలయు, 1959లో స్థాపితమైన సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలయు కలవు. ఇరుగుపొరుగు కళాశాలలు మూడు కలసి ఒక శిక్షకురాలి జీతమును పంచుకొన్నచో ఒక్కొక్కదానికి భారమెంత? సంపూర్ణమగు ఫుట్‌బాలు మైదానమునకు ఒకటి ముప్పాతిక ఎకరము కావలెను. ఈ పేటలలో గజము ధర యెరిగినవారు ఈ మాటకు నవ్వవచ్చును. నవ్వనిండు. ఐదుగురేసి యాడు ఆటకు సుమారు 950 చదరపు గజములు చాలును. మేడల మీదను, ఖాళీ స్థలములలోను పచ్చని చాపలు పరచి గంటకింతయని అద్దెకిచ్చుచున్న వ్యాపారులకు తెలిసిన లెక్క మన కళాశాలల పాలకవర్గములకు తెలియదా? నిండు మైదానముకొరకు వారమునకు రెండు దినములు బయటికి పోవచ్చును.

విద్యాసంవత్సరము వేసవి చివర నారంభమగును. విశ్వవిద్యాలయముల నడుమ పోటీలు చలికాలమున వచ్చును. ఈ జూనునకే పదవిని ప్రకటించినచో, ఎన్నికైన యువతికి జట్టును కూర్చుకొనుటకు ఐదారు నెలలు దొరకును. మొదటి నియామకము మూడేండ్లకు తక్కువ గాకుండ చేయవలెను. డిగ్రీలో చేరిన బాలిక పట్టము పుచ్చుకొనువరకు ఒక్క గురువే యుండుటకు అంతమాత్రము కాలమైనను పట్టును.