జ్వరం పోయింది, సత్తువ రాలేదు. దాన్ని సోంబేరితనం అనకండి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికున్నప్పుడు చదవండి. మిల్లులు, బనియన్ కంపెనీలు నడిపే మన సంఘం పెద్దలు మాత్రం తప్పకుండా చదవాలని మనవి. ఇది ముఖ్యంగా వాళ్లకే.

2021 మే, జూన్ నెలల్లో మన కోయంబత్తూరు ఎట్లా ఉండిందో ఎవరికీ చెప్పనక్కర లేదు. రోజువారీ కేసుల్లో చెన్నైనే దాటిపోయినాం. అప్పుడు మన సంఘం చేసింది చిన్న పని కాదు. ఇంటింటికీ అన్నం పొట్లాలు, ఆక్సిజన్ మిషన్లు, ఆస్పత్రికి పోనూ రానూ వ్యాన్లు. చనిపోయినవాళ్ల ఇళ్లకు పోయి పలకరించినాం. బతికినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ తీయలేదు. బతికినాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. వాళ్లలో కొందరికి ఏడాది దాటినా ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. ఇప్పుడు వాళ్ల భయం జబ్బు గురించి కాదు, పని పోతుందని.

మా పక్క వీధిలో ఒక తమ్ముడున్నాడు. నలభై దాటింది. స్పిన్నింగ్ మిల్లులో సైడర్ పని. ఆ పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, రింగ్ ఫ్రేముల మధ్య ఎనిమిది గంటలూ నడుస్తూనే ఉండాలి, ఎక్కడ దారం తెగితే అక్కడ అతికించాలి. కూర్చునే పని కాదు. ఆ అబ్బికి జ్వరం పది రోజుల్లో తగ్గింది, ఆస్పత్రిలో కూడా చేరలేదు. పనిలో చేరిన రెండో వారం నుంచి మొదలైంది కథ. నాలుగు గంటలు నిలబడితే కాళ్లు వణుకుతాయి. మెట్లెక్కితే గుండె దడ. ఏ ఫ్రేము దగ్గర ఏం చేయమన్నారో మరిచిపోతాడు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ నార్మల్. ఆ కాగితాలు తీసుకుపోయి చూపిస్తే మేస్త్రీ అన్నాడట, "నార్మల్ అని రాసుంది కదప్పా, ఇంకేంది నీ సోంబేరితనం?"

ఈ సోంబేరి మాట చూడండి, తమిళంలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. రెండు చోట్లా తిట్టే. జబ్బు తర్వాత వచ్చే అలుపుకు మనిళ్లల్లో అసతి అంటాం, అది తమిళం. ఆంధ్రా చుట్టాలు నీరసం అంటారు. మా అవ్వ బడలిక అనేది. ఏ మాట చెప్పినా వినేవాడికి ఒక రాత్రి బాగా నిద్రపోతే పోయేదే కదా అనిపిస్తుంది. తిట్టు మాత్రం రెండు భాషలవాళ్లకూ బాగా అర్థమవుతుంది.

ఇది నిద్రతో పోయే రకం కాదు. 2021 అక్టోబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ మొదలై సుమారు మూడు నెలలైనా ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బుతో ముడిపెట్టలేని అలుపు, ఆయాసం, ఆలోచన మందగించడం లాంటివి. లాంగ్ కోవిడ్ అంటున్నారు. జ్వరం తేలిగ్గా వచ్చిపోయినవాళ్లకూ ఇది రావచ్చు. మామూలు పరీక్షల్లో ఏమీ కనబడకపోవచ్చు. మేస్త్రీలు, సూపర్‌వైజర్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ రోజు మనిషి పళ్లు బిగబట్టి షిఫ్టు పూర్తి చేస్తాడు, దెబ్బ రేపో ఎల్లుండో పడుతుంది. ఒక్కోసారి వారం లేవలేడు. "నిన్న బాగానే ఉన్నాడే, ఈ రోజు లీవా" అనే అనుమానం ఇక్కడే పుడుతుంది. నిన్న బాగా పని చేసినందుకే ఈ రోజు పడుకున్నాడు.

అయినా ఇది మనకు కొత్తా? 2006 గుర్తు తెచ్చుకోండి. చికున్‌గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లు వంగి నడిచినాయి. జ్వరం వారంలో పోయింది, కీళ్లు మాత్రం కొందరికి నెలలు, మరికొందరికి ఏళ్లు పట్టేసినాయి. దారం అతికించాలంటే వేళ్లు చురుగ్గా కదలాలి, పొద్దున పిడికిలే బిగవనివాడు ఏం అతికిస్తాడు? అప్పుడు వాచిన వేళ్లు కంటికి కనబడేవి, కాబట్టి కొంచెమన్నా నమ్మినారు. ఇప్పుడు కనబడటానికి ఏమీ లేదు, అంతే తేడా.

నేను పని చేసిన రైల్వేలో ఒక పద్ధతి ఉంది. డ్రైవరుకు చూపు తగ్గినా గుండెజబ్బు వచ్చినా మెడికల్‌లో ఫెయిల్ చేస్తారు, కానీ ఇంటికి పంపరు. కింది మెడికల్ క్లాసుకు సరిపోయే ఇంకో పని చూపిస్తారు. డీకాటగరైజ్డ్ అంటాం. అట్లా వచ్చినవాళ్లు మా సెక్షన్లో నా పక్క సీట్లోనే కూర్చుని ఫైళ్లు రాసినారు. మొదట్లో ఇంజను నడిపిన చేతికి పెన్ను పట్టడం అవమానంగా ఉండేది, ఆర్నెల్లకు మాకంటే గట్టి క్లర్కులయినారు. 1995 వికలాంగుల చట్టం 47వ సెక్షను, దాని తర్వాత 2016 చట్టం 20వ సెక్షను ప్రకారం సర్కారు ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాడిని తీసేయకూడదు. ఆ రక్షణ సర్కారు ఉద్యోగికే. మిల్లు గేటు లోపల అది లేదు.

2022లో లోపల ఉండినదేంటో చెబుతాను. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో రిట్రెంచ్‌మెంట్ అనే మాటకు అర్థం చెప్పేచోట కొన్ని మినహాయింపులుండినాయి. ఎడతెగని అనారోగ్యం కారణంగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి వచ్చేది కాదు. అంటే ఆ నోటీసూ వచ్చేది కాదు, ఆ పరిహారమూ వచ్చేది కాదు. మా పక్క వీధి తమ్ముడికి సెక్షను నంబరు తెలియదు గానీ సంగతి తెలుసు. "లీవు పెడితే జబ్బు మనిషని రాసేస్తారన్నా" అని భయపడి ఈఎస్ఐ డిస్పెన్సరీకే పోడు. లీవు పెట్టడు, విశ్రాంతి తీసుకోడు, ఇంకా కుంగుతాడు.

పోవాల్సింది అక్కడికే. సంబళం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కడుతున్నవాడికి, ఆరు నెలల కట్టుబడి కాలంలో కనీసం 78 రోజులు చందా పడి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద సంబళంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఇంకా ముఖ్యమైనది, ఆ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో యజమాని పనిలోంచి తీసేయడానికీ, శిక్ష వేయడానికీ వీలుండేది కాదు. 2022లో అమల్లో ఉన్న 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షను అది. దొంగచాటుగా జబ్బు దాచుకుని పని చేసేవాడికి ఈ గొడుగు ఉండేది కాదు, కాగితం మీద సిక్ అయినవాడికే ఉండేది. ఇంతమంది కార్మికులున్న మన సంఘంలో ఈ మాట నోటీసు బోర్డు మీద ఎప్పుడన్నా రాసినామా? కల్యాణ మండపం బుకింగ్ రేట్లు మాత్రం మూడు రంగుల్లో రాసి పెట్టినాం.

91 రోజులు అయిపోతే ఏంటి అని అడుగుతారు. క్షయ, కాన్సరు, పక్షవాతం లాంటి 34 పెద్ద జబ్బులకు ఎక్కువ కాలం, 80 శాతం ఇచ్చే ఏర్పాటుంది. అలుపు అనే పేరు ఆ జాబితాలో లేదు. అక్కడ చట్టం చెయ్యి వదిలేస్తుంది, మనుషులు పట్టుకోవాలి.

యజమానుల కష్టం నాకు తెలియక కాదు. 2022 మేలో పత్తి క్యాండీ లక్ష రూపాయలు దాటింది, నూలు ధర మీద తిరుప్పూరులో కంపెనీలే రెండు రోజులు మూసి నిరసన చెప్పినాయి. షిఫ్టులు తగ్గించి బ్యాంకు వడ్డీ కడుతున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. పని చేయనివాడికి ఊరికే సంబళం ఇమ్మని నేను అడగడం లేదు. ఫుల్ నైట్ షిఫ్టు నుంచి కొన్నాళ్లు పగటి షిఫ్టుకు మార్చండి. సైడరును కోన్ చెకింగుకో ప్యాకింగుకో పంపండి, కూర్చుని చేసేది. రోజుకు నాలుగు గంటలే చేయగలిగితే నాలుగు గంటల సంబళమే ఇవ్వండి, కానీ పేరు మస్టర్లోంచి కొట్టేయకండి. పదిహేనేళ్ల అనుభవమున్న చెయ్యి పోతే కొత్తవాడికి నేర్పడానికి ఎంత దారం వేస్టవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

తిరుప్పూరులో పీస్ రేటు మీద కుట్టే ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. చిన్న యూనిట్లలో ఎంతోమందికి ఈఎస్ఐ కార్డే లేదు. శనివారం సాయంత్రం ఎన్ని పీసులో అంత డబ్బు, పీసులు తగ్గితే మిషను ఇంకొకరికి పోతుంది. అంతే.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. వీధులు ఊడ్చేవాళ్లలో ఎంతోమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. లాక్‌డౌన్‌లో మనం తలుపేసుకుంటే మన గుమ్మం ముందు చెత్త తీసింది వాళ్లు. చాలామంది కాంట్రాక్టు మనుషులు, రాని రోజుకు కూలి లేదు. జబ్బు తర్వాత బండి తోయలేక మానుకున్నవాళ్లు వాళ్లలో లేరా? మన సంఘం బైలాలో "తెలుగు మాట్లాడే ప్రజల సంక్షేమం" అని రాసుంది. కులం పేరు రాసి లేదు. నేను మళ్లీ తీసి చదివినాను.

వచ్చే కమిటీ మీటింగులో నేను రెండు అడుగుతాను. ఆదివారం పొద్దున రెండు గంటలు సంఘం ఆఫీసు తెరిచి ఉంచండి. నాలాంటి రిటైర్డ్ క్లర్కులు మన ఊళ్లో తక్కువేం లేరు, ఈఎస్ఐ కాగితాలు రాసిపెడతాం, డిస్పెన్సరీకి తోడు పోతాం. ఇక రెండోది, మన సభ్యుల మిల్లుల్లో తేలిక పని ఎక్కడ ఖాళీ ఉందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. మా తమ్ముడు ఇప్పటికీ ఫుల్ నైటుకే పోతున్నాడు. ఏ మిల్లులోనైనా కోన్ చెకింగులో చోటుంటే మీటింగు దాకా ఆగకుండా నాకు ఫోన్ చేయండి, నంబరు గ్రూపులో ఉంది.