భయం నేరానికి మాఫీ కాదు

తత్త్వశాస్త్రం పనిలేనివారి కాలక్షేపమనీ, అందునా ఫ్రెంచి తత్త్వం మాటల గారడీ అనీ కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించము. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ ప్రొటెవి రచనే ఇందుకు సాక్ష్యం. 2009లో వెలువడిన ‘పొలిటికల్ అఫెక్ట్’ గ్రంథంలో ఆయన డెల్యూజ్, గట్టారీల ఆలోచనను మెదడు, శరీరాల గురించిన నేటి విజ్ఞానంతో జోడించి రాజకీయాలను పరిశీలించారు. భయం, కోపం ఒక వ్యక్తి గుండెలో పుట్టి అక్కడే ఆగిపోయేవి కావంటారాయన. సమాజం నేర్పినది శరీరంలో ఇంకిపోయి, ఆలోచనకంటే ముందే చేతిని కదిలిస్తుంది.

ఇది గాలిలో కట్టిన సిద్ధాంతం కాదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను లూసియానాను తాకింది. కట్టలు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో 80 శాతం మునిగిపోయింది. వెళ్లేందుకు వాహనం లేని పేదలు, అందులో అత్యధికులు నల్లజాతివారు, ఇళ్ల కప్పులపైనా సూపర్‌డోమ్ క్రీడాప్రాంగణంలోనూ మంచినీటి కోసం ఎదురుచూశారు. ఆ ప్రాంగణంలో హత్యలు, అత్యాచారాలు జరిగిపోతున్నాయని పుకార్లు పుట్టాయి. వాటిలో చాలావరకు అబద్ధాలని తేలేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. నల్లవారంటే ఉన్న జాతిభయం వల్లనే, తగినంత సైనిక బలం సమకూరేదాకా సహాయం ఆలస్యమైందని ప్రొటెవి వాదన. ఆకలిగొన్నవారి దగ్గరికి రొట్టెకంటే ముందు తుపాకీ చేరాలనుకున్న పాలన అది!

వంతెన దాటి బయటపడబోయిన జనాన్ని ఆవలి గట్టునున్న గ్రెట్నా పట్టణ పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి వెనక్కి మళ్లించారు. సెప్టెంబరు 4న డాన్జిగర్ వంతెనపై న్యూ ఆర్లియన్స్ పోలీసులు నిరాయుధులపై కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు, నలుగురు గాయపడ్డారు. తమపైనే ముందుగా కాల్పులు జరిగాయని వారు బుకాయించారు. చివరికి వారిలో కొందరు నేరం ఒప్పుకున్నది 2016లో.

మరి భయం ఆలోచనకంటే ముందే చేతిని కదిలిస్తే, కాల్చినవాడు నిర్దోషేనా? ‘మెదడే అలా ఉంది, ఏం చేస్తాం’ అంటూ విజ్ఞానాన్ని అడ్డుపెట్టుకునే వారి తర్కం ఇదే. దీనిని మేము నిర్ద్వంద్వంగా తిరస్కరిస్తున్నాము. నేర్పిన భయమైతే నేర్పినవాడు ఉంటాడు: పుకారును వార్తగా చేసిన పత్రిక, పోలీసుకు శిక్షణ ఇచ్చిన వ్యవస్థ, ఆజ్ఞ జారీచేసిన అధికారి. కాల్చినవాడి అపరాధం ఇందువల్ల తగ్గదు, జవాబు చెప్పవలసినవారి వరుసే పెరుగుతుంది. పైగా ఆ వంతెనపై నడిచినవారికీ భయం ఉంది. దానిని ఏ అధికారి లెక్కలోకి తీసుకున్నాడు?

ఇల్లు అద్దెకు అడిగి, పేరు చెప్పగానే ‘మాకేం అభ్యంతరం లేదు, చుట్టుపక్కలవాళ్లే భయపడతారు’ అన్న మాట విన్న మన పాఠకులు ప్రొటెవిని చదవకపోవచ్చు. ఆయన చెబుతున్న భయాన్ని మాత్రం బాగా ఎరుగుదురు.