అచ్చుతప్పు కాదు, మాటతప్పు

తెలుగులో వచ్చే వంటల వ్రాతలలో “చైనాగ్రాస్ లేక జెలటిన్” అన్న మాట తరచు కనబడుతూ ఉంటుంది. ఆ “లేక” మీదనే నా అభియోగం. రెండింటిలో దేనిని గ్రహించినా ఫలం ఒకటే అయినపుడు గదా “లేక” అనవలసినది! ఇక్కడ పుట్టుక వేరు, గుణం వేరు, చివరకు అచ్చులోనుండి వెలికితీసే పద్ధతి కూడా వేరు.

జెలటిన్ జంతువుల చర్మంలోను, ఎముకలలోను ఉండే కొలాజెన్ నుండి తీసినది. చైనాగ్రాస్ పేరుకే గడ్డి. నిజానికది సముద్రపు ఎర్రనాచు నుండి తీసిన అగర్. జపానువారు దానినే కాంటెన్ అంటారు.

జెలటిన్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ లోపే కరగిపోతుంది. కనుకనే అచ్చును గోరువెచ్చని నీటిలో 10 సెకన్లపాటు ముంచి తీయమంటారు. అంచున పలుచని పొర కరగి పట్టు వదలుతుంది. ముందుగా తడివ్రేలితో అంచును లోనికి నొక్కి గాలి చొరనీయాలి. బోర్లించే పళ్ళేన్ని తడిపి ఉంచితే, ప్రక్కకు పడినా నడిమికి జరుపుకోవచ్చు. నీరు మరీ వేడిదైనా, ముంచినది ఎక్కువసేపైనా అచ్చులోని పూలరేకులు చెరిగి జారిపోతాయి.

చైనాగ్రాస్ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. గోరువెచ్చని నీరు దానినేమి చేయగలదు? అది గడ్డకట్టిన పిదప కొంత నీటిని విడిచి, కొద్దిగా ముడుచుకుంటుంది. చుట్టూ అంచు వదులుచేసి గాలి చొరనిచ్చి బోర్లిస్తే చాలు. తీసేటపుడు ముక్కలైతే, తీగలు పూర్తిగా కరగేదాకా మరిగించారో లేదో చూసుకోవాలి. జెలటిన్‌నైతే మరిగించనే కూడదు. చన్నీట నానబెట్టి, వేడి ద్రవంలో కరగించాలి. పచ్చి అనాస, బొప్పాయి ముక్కలు వేస్తే జెలటిన్ గడ్డకట్టదు; చైనాగ్రాస్‌కు ఆ బాధ లేదు. వైశాఖమాసపు బెజవాడ ఎండలో జెలటిన్ పళ్ళెంలోనే నీరవుతుంది, చైనాగ్రాస్ నిలబడుతుంది. ఇన్ని భేదాలుండగా ఇంకా “లేక” యేమిటి?

“వంటింట్లో ఇంత శబ్దవిచారమెందుకు మాస్టారూ?” అని మీలో కొందరు నవ్వవచ్చు. పొట్లం మీద ఆకుపచ్చ చుక్కో, గోధుమరంగు త్రికోణమో ఉంటుంది. విందులో వడ్డించిన పళ్ళెం మీద ఏ గుర్తూ ఉండదు. శాకాహారియైన అతిథికి అక్కడ ఆధారం మన మాట ఒక్కటే. జెలటిన్ తినేవారిపై నాకు ఆక్షేపణ లేదు. తెలిసి తినడం వారి ఇష్టం. తెలియనివానిచేత తినిపించడం మాత్రం నమ్మకద్రోహం. అది ఒక పదం పట్ల అశ్రద్ధవలన జరిగినా ద్రోహమే. వస్తువును మన పెద్దలు పదార్థమన్నారు, అనగా పదముయొక్క అర్థము. పదం గతి తప్పితే వస్తువూ తప్పుతుంది.

కనుక మిత్రులారా, మీ పాత టపాలలో ఎక్కడైనా ఆ “లేక” ఉంటే దయచేసి నేడే తీసివేయండి. జెలటిన్‌కు ఒక పాఠం, చైనాగ్రాస్‌కు మరొక పాఠం విడివిడిగా వ్రాయండి. మొదటి పంక్తిలోనే ఏది జంతుజన్యమో, ఏది నాచుజన్యమో చెప్పండి. ఈ విషయమై భిన్నాభిప్రాయం ఉన్నవారు నిస్సంకోచంగా వ్యాఖ్యానించవచ్చు. వాదానికి నేను సిద్ధం.