నెల్లూరు నుంచి నాటాలుకు, తిరునెల్వేలి నుంచి డోర్నకలుకు... మరి హోసూరులో?

1903లో మన దక్షిణాదిలో రెండు సంగతులు జరిగాయి. ఒకదానికొకటి సంబంధం లేదు. ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు కూడి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, నడిపేదీ మనమే అన్నది వాళ్ల పట్టు. తర్వాతి ఏడాది సామ్యూల్ పాక్యనాథన్ అనే తమిళ యువకుణ్ణి నిజాం రాజ్యంలోని డోర్నకలుకు పంపారు. అక్కడివాళ్లది తెలుగు. అదే 1903లో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘాలు తమ హోమ్ మిషనరీ సొసైటీ తరపున జాన్ రంగయ్య గారిని ఓడ ఎక్కించి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపాయి. అక్కడ చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల కోసం.

తమిళులు తెలుగువారి కోసం కదిలారు, తెలుగువారు సముద్రం దాటిన తమవారి కోసం కదిలారు. మన యవనస్థుల్లో ఎక్కువమందికి విలియం కేరీ తెలుసు, హడ్సన్ టేలర్ తెలుసు. రంగయ్య గారి పేరు అడిగితే తెల్లముఖం వేస్తారు. ఆదివార పాఠశాల పుస్తకాల్లో ఆ పేరు లేకపోతే పిల్లల్ని అనుకుని ఏం లాభం?

హోసూరు, కృష్ణగిరి సంఘాల గురించి రాయాలనుకున్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది ఈ నాటాలు కథే. దాన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నాటాలుకు వెళ్లారు. వాళ్లలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం, విశాఖపట్నం సీమల పల్లెలు ఈ కూలీల పుట్టిళ్లు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలోనివే. 1876-78 కరువు సేలం జిల్లాను ఎంతగా కాల్చిందో, ఒంగోలు సీమనూ అంతే కాల్చింది. ఆ కరువులోనే క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మాదిగలకు కూలి పని ఇప్పించారు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది మన సంఘాల్లో అందరూ చెప్పుకునే కథ. పొట్ట చేత పట్టుకుని ఓడ ఎక్కినవాళ్ల కథ మాత్రం ఎవరూ చెప్పరు.

అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. ఒప్పందం ముగిశాక అక్కడే స్వేచ్ఛగా బతుకుదామనుకునేవారి మీద 1895 చట్టం ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, మొదటి ఏడాది జీతంతో లెక్కిస్తే ఆరునెలల కూలి. తిరిగి ఒప్పందంలో చేరు, లేదా ఓడెక్కి వెనక్కి పో అని చెప్పడానికి పెట్టిన పన్ను అది. 1913 సమ్మెలో వేలాది కూలీలు పని మానేశాకే, 1914లో అది రద్దయింది.

ఈ కూలీల్లో స్వదేశంలోనే విశ్వాసంలోకి వచ్చిన తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లకు అక్కడ కాపరి లేడు. ఇంగ్లీషు గుడులున్నాయి, కానీ అక్కడి మాట అర్థం కాదు. వాళ్లు నెల్లూరుకు జాబులు రాశారు: మా భాషలో వాక్యం చెప్పే మనిషిని పంపండి అని. ఆ కబురు విన్న తెలుగు సంఘాలు ధనవంతుల సంఘాలు కావు. చాలావాటిలో విశ్వాసులు దళితులు, కూలీనాలీ చేసుకునేవాళ్లు. అమెరికా బోర్డు డబ్బుతో కాకుండా తామే చందాలు వేసుకుని మనిషిని పంపారు. రంగయ్య గారు చేరిన ఏడాదే, డిసెంబరులో, కియర్స్‌నీ తేయాకు ఎస్టేటులో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తోట నుంచి తోటకు తిరిగి ఆయన మరికొన్ని సంఘాలు కట్టారు. 1915లో కన్నుమూశారు.

ఇక డోర్నకలు. పాక్యనాథన్ తర్వాత, ఆ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారే 1909లో కుటుంబంతో అక్కడికి మారారు. తమిళుడు తెలుగు నేర్చుకున్నాడు, తెలుగులో ప్రసంగించాడు, మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకలులోనే కన్నుమూశారు. ఆయన మీద పుస్తకాలున్నాయి కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పం. ఒక్క మాట: తనకు తెలియని భాషవాళ్ల దగ్గరికి వెళ్లి, మీరే తమిళం నేర్చుకోండి అనలేదు ఆయన.

ఇప్పుడు హోసూరుకు వద్దాం.

కృష్ణగిరి జిల్లా 2004లో ధర్మపురి నుంచి విడిపోయింది. ఒకవైపు కర్ణాటక, మరోవైపు చిత్తూరు సీమ. హోసూరు, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి వైపు పల్లెల్లో తెలుగు ఇంటి భాష. అక్కడివాళ్లు వలస వచ్చినవాళ్లు కారు, తరతరాలుగా ఆ నేల మీదే ఉన్నారు. రాష్ట్రాల గీతలే వాళ్ల మీదుగా వచ్చాయి. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి లోక్‌సభకు గెలిచిన గోపీనాథ్ గారు తెలుగులో ప్రమాణం చేసినప్పుడు ఆంధ్రలో చాలామంది ఆశ్చర్యపోయారు. హోసూరువాళ్లు ఆశ్చర్యపోయి ఉండరు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఒక్కో తరగతీ ఎక్కుతూ అది పదో తరగతి పరీక్షదాకా వచ్చేసరికి తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లల తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోవడానికి మేము వ్యతిరేకం కాదు. ఆ నేల మీద బతికేవాళ్లకు తమిళం రావాలి, అది వాళ్లకు ఉద్యోగం, హక్కు, పొరుగువాడితో స్నేహం. అయితే తెలుగు బడిలో అయ్యవారు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోవడం, పిల్లవాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేకపోవడం, ఇవి వేరే సంగతులు.

దీని ఫలితం మన గుడుల్లో కనిపిస్తుంది. నానమ్మ చేతిలో తెలుగు బైబిలు ఉంటుంది, మనవడి చేతిలో ఫోను. పాటల పుస్తకం తెరిస్తే అక్షరాలు తెలియవు, పాట మాత్రం నోటికి వస్తుంది. తెలుగులో సువార్తలు అచ్చు కావడానికి ఎంత శ్రమ పడ్డారో ఒక్కసారి తలచుకోండి. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ దొర, ఆయనతో కూర్చుని మాట మాటా చూసిన ఆనందరాయరు, చివరికి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చు. రెండువందల ఏళ్ల తర్వాత ఆ పుస్తకం ఇంట్లో ఉండి, చదివేవాడు లేకపోతే?

ఇది పట్టింపుకు సంబంధించిన విషయమని కొట్టిపారేసేవాళ్లు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ తీయాలి. యెరూషలేము సంఘంలో మొదటి సణుగుడు దేని గురించి? గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో చిన్నచూపు జరిగింది. అన్నం దగ్గర తేడా వచ్చింది, ఆ తేడా భాష గీత మీదుగా వచ్చింది. అపొస్తలులు ఓర్చుకోండి అని సర్దిచెప్పలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు... అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. తమిళ సంఘాల కమిటీల్లో తెలుగు విశ్వాసులు ఎందరున్నారు, వాళ్ల మాట ఎప్పుడు చెల్లుతుంది అన్నది హోసూరులో అడగదగిన ప్రశ్న. అదే ప్రశ్న తెలుగు సంఘాల్లో కులం గురించి కూడా అడగాలి. తెలుగు, తెలుగు అంటూ కమిటీ కుర్చీలన్నీ ఒకే కులం దగ్గర పెట్టుకుంటే, భాష కోసం పెట్టిన ఆ మొరకు బలం ఉండదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాటేయకూడదు. కియర్స్‌నీ తోట సర్ లీజ్ హ్యూలెట్‌ది. ఆయన మెథడిస్టు బోధకుడు కూడా. కూలీల సంఘం యజమాని నేల మీద నిలబడింది. యజమాని నేల మీద గుడి ఉన్నప్పుడు ఆ గుడిలో కూలి గురించి, కొరడా గురించి, మూడు పౌన్ల గురించి ఎంత గట్టిగా మాట్లాడగలరు? ఇది నాటాలుకే చెందిన చిక్కు కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే వలస కూలీల కోసం ప్రొటెస్టెంటు సంఘాలు 1920ల నుంచే వలస కూలీల పరిచర్య నడిపాయి. బట్టలు, మందులు, పిల్లలకు బడి. కాలిఫోర్నియాలో డెలానో ద్రాక్షతోటల్లో 1965 సెప్టెంబరులో ఫిలిప్పీనో కూలీలు సమ్మె మొదలుపెట్టారు, సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలూ చేరారు. అప్పుడు ఆ పరిచర్యకు నాయకుడైన క్రిస్ హార్ట్‌మైర్ సమ్మెలో ఉన్నవాళ్ల పక్కన నిలబడ్డాడు. తోటల యజమానులూ అవే సంఘాల సభ్యులు. వాళ్లకు కోపం వచ్చింది, కానుకలు ఆగాయి, స్థానిక కాపరులు ఇరుకున పడ్డారు. పాతబట్టలు పంచినన్నాళ్లూ అందరికీ ప్రియమైన పరిచర్య, కూలి రేటు గురించి మాట్లాడగానే రాజకీయమైపోయింది. అయినా వాళ్లు వెనక్కి రాలేదు. 1970లో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

కృష్ణగిరి అంటే ఎగుమతి వ్యాపారులకు గ్రానైటు. హోసూరు అంటే సిప్‌కాట్ కర్మాగారాలు, పాలీహౌసుల్లో గులాబీలు. గులాబీ తోటలో మందు కొట్టే మనిషి, క్వారీలో రాయి పగలగొట్టే మనిషి, అడ్వాన్సు తీసుకుని ఆ అప్పు తీరక అక్కడే ఉండిపోయే కుటుంబం... వీళ్లలో మన విశ్వాసులున్నారు. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం 1976 చట్టం ప్రకారం నేరం. ఈ చట్టం గురించి ఒక్క ఆదివారమైనా మన గుడిలో వాళ్ల భాషలో ఎవరైనా చెప్పారా? యజమాని కానుకల పెట్టెలో పెద్ద నోటు వేసేవాడైతే చెప్పగలమా?

హోసూరు, కృష్ణగిరి తెలుగు యవనస్థులతో మేము పెట్టే ముచ్చట ఇది. శనివారం సాయంత్రం గుడి వరండాలో తెలుగు అక్షరాలు నేర్పండి. బలపం, పలక చాలు, ప్రాజెక్టు అక్కర్లేదు. హోసూరు తెలుగులోనే నేర్పండి. మీ ఇంటి మాటను విజయవాడ మాటతో పోల్చుకుని సిగ్గుపడొద్దు. ఆ యాసలో కథలు రాసి పుస్తకాలు వేస్తున్నవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు, వాళ్లను పిలవండి. తెలుగు అయ్యవారి ఖాళీల మీద జిల్లా అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు కన్నడ, ఉర్దూ తల్లిదండ్రులనూ కలుపుకోండి. తమిళ స్నేహితుల సంతకాలూ అడగండి. తిరునెల్వేలి క్రైస్తవుల మనవళ్లు కాదనరు.

అక్కడితో ఆగకండి. డెంకణికోట వైపు ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో పనికి జార్ఖండ్ నుంచి యువతులు వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. ఆ రాష్ట్రపు ఆదివాసుల్లో 1845 నుంచే సువార్త ఉంది. రాంచీ ప్రాంతపు లూథరన్ సంఘం చాలా పెద్దది. వాళ్లలో సాద్రీలో, ముండారీలో, కురుఖ్‌లో ప్రార్థించేవాళ్లున్నారు. ఆదివారం సెలవు దొరికితే వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? నాటాలులో మనవాళ్లు నెల్లూరుకు జాబు రాసినట్టు, వీళ్లు ఎవరికి రాయాలి? మీ గుడి ఆరాధన పదింటికల్లా అయిపోతుంది, ఆ తర్వాత తాళం వేస్తారు. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మధ్యాహ్నం రెండు గంటలు గుడి వాళ్లకిచ్చే విషయం వచ్చే కమిటీ మీటింగులో పెట్టండి. ఏం జరిగిందో మాకు రాయండి.