కోడిగుడ్ల నిలువ – ఇంటి విద్య

“కోడిగుడ్డు మీద ఈకలు పీకుట” అని మన తెలుగులో ఒక నానుడి కలదు. కళాశాల వార్షిక సంచికలో గుడ్ల నిలువను గూర్చి వ్రాయబూనిన మమ్ము చూచి విద్యార్థులు కొందరు ఈ నానుడిని తలచుకొనవచ్చును. అయినను ఇది అల్పవిషయము కాదని మా అభిప్రాయము. పెరటి కోడి పెట్టిన గుడ్డు పేదయింటి బిడ్డలకు బలము. అమ్మినచో ఇల్లాలి చేతిలో నాలుగు పైసలు. అది మురిగిపోయిన నాడు రెండును పోయినట్లే.

మోకిల, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతములలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. పుంజుతో కలిసి తిరుగు పెట్ట పెట్టిన గుడ్డులో, ఆ వేడికి, పొదుగకయే పిండము పెరుగనారంభించి నడుమనే చచ్చును. తినుటకే గుడ్లు కావలసినవారు పుంజును వేరుచేసినచో గుడ్డు మరికొన్ని దినములు నిలుచును. గుడ్లను గూటిలో ఉంచక దినమునకు రెండు మూడు మారులు తీసి, మొనకొన క్రిందికి ఉండునట్లు నీడపట్టున పెట్టవలెను.

శుభ్రత పేర గుడ్లు తెచ్చిన వెంటనే కడుగుట నేడు పెక్కు ఇండ్లలో అలవాటైనది. గుడ్డు పెంకులో వేలకొలది సూక్ష్మరంధ్రములు గలవు. వానిని కప్పుచు ప్రకృతి ఒక పలుచని పొరను పూసినది. కడిగినచో ఆ పొర పోయి, తడితోపాటు సూక్ష్మజీవులు లోనికి చొరబడును. అమెరికాలో అంగడి గుడ్లను కడిగి శీతల స్థలములో ఉంచుదురు. ఐరోపాలో మేలుతరగతి గుడ్లను సాధారణముగా కడుగనే కడుగరు. రెండును తగిన పద్ధతులే. కాని కడిగి, బయటనే ఉంచుట ఏ పద్ధతియు కాదు. మురికి ఉన్నచో పొడిగుడ్డతో తుడిచి, వండునపుడే కడుగుట మేలు.

మన అవ్వలు, నానీలు తడి ఇసుక నడుమ కుండ నిలిపి అందులో గుడ్లు దాచిరి, సున్నపు తేటలో ముంచి ఆరబెట్టిరి, ఊకలో పేర్చిరి. నీరు ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవునని మన విద్యార్థులు పాఠములో చదువుదురు. ఆ కుండ చేయు పని అదియే. సున్నపు తేట పెంకు రంధ్రములను మూయును. అట్లని పాతదంతయు మంచిదనుట మా మతము కాదు. వానాకాలపు తేమగాలిలో ఇసుక కుండ అంతగా చల్లబడదు. ఊక గుడ్లు పగులకుండ కాపాడునే గాని చల్లబరుపదు, తడిసినచో బూజుపట్టును. కావున పెద్దలను అడుగవలెను, అడిగినదానిని పరీక్షింపవలెను. నీటిలో వేసిన గుడ్డు అడుగున పడుకొనినచో తాజాది, నిలుచున్నచో పాతది, తేలినచో పారవేయదగినది. ఈ పరీక్షకు ప్రయోగశాలయు అక్కరలేదు.

రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ జాతులను రూపొందించినది. గుడ్లు ఎక్కువగా పెట్టు కోళ్లు మనకు లభించినవి. పెట్టిన గుడ్డును కాపాడు విద్య మాత్రము మన ఇండ్లనుండి జారిపోవుచున్నది. 2023లో హెచ్.ఎం.డి.ఎ. వారు మోకిలలో ఇండ్ల స్థలములను వేలము వేసిరి. పొలములు ప్లాట్లగుచున్నవి, పెరళ్లు కుంచించుకొనుచున్నవి. పెరడు పోయిన ఇంట ఆ విద్యను చెప్పువారు ఎంతకాలము ఉందురు?

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటి. వచ్చు వేసవిలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఇసుక కుండను, సున్నపు తేటను, కడిగిన గుడ్డును, కడుగని గుడ్డును ప్రక్కప్రక్కన ఉంచి దినదినము లెక్క వ్రాయవలెను. తెలుగు, ఉర్దూ విద్యార్థులు తమ ఇండ్లలోని వృద్ధస్త్రీల మాటలను సేకరింపవలెను. ఫలితములను రెండు భాషలలోను ఒక చిన్న కరపత్రముగా అచ్చువేసి చుట్టుపట్ల గ్రామములలో పంచినచో, ఖర్చు స్వల్పము, ప్రయోజనము అధికము. చదువు ఇంటి వంటగది వరకు పోవలెనని కోరుట అత్యాశ కాదని మేము నమ్ముచున్నాము.