శ్రద్ధ లేనిది ఎవరికి?

“మన్యం పిల్లలకు చదువుమీద శ్రద్ధ లేదు.” ఈ మాట ఖమ్మం సభల్లో ఎన్నోసార్లు విన్నాను. అనేవారు నా తోటి అధ్యాపకులే. బడి మానేసిన ప్రతి కుర్రవాడికీ ఈ ఒక్క కారణం చూపి చేతులు దులుపుకుంటున్నారు. ఇది పచ్చి అబద్ధమని నా వాదం.

భద్రాచలం దాటి చర్ల దారిలో ఒక పల్లె బడికి వెళ్ళాను. ఇంట్లో కోయభాష తప్ప మరొకటి వినని పిల్లలు. పంతులుగారు ఒకటో తరగతి పిల్లవాణ్ణి పిలిచి, గోడమీది బొమ్మలో ఏరు చూపించమన్నారు. వాడు చటుక్కున లేచి, ఒక ఆడమనిషి నెత్తిమీది నీళ్ళకుండ చూపించాడు. పంతులుగారు కసిరారు. కోయభాషలో ఏరు అంటే నీళ్ళు! వాడు చెప్పింది ముమ్మాటికీ నిజం. నేనున్నంతసేపూ వాడు మళ్ళీ నోరు విప్పలేదు. ఇలాంటివాణ్ణే రేపు మనం శ్రద్ధ లేనివాడంటాం.

ఏ దుంప తినవచ్చునో, ఏ దుంపను కోసి పారే నీటిలో నానవేస్తే గాని తినరాదో ఈ పిల్లలు చెప్పగలరు. అది శ్రద్ధ లేనివారికి అబ్బే విద్యేనా?

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. గ్రాంథికాన్ని పిల్లల నెత్తిన రుద్దవద్దని ఆయన పోరాడిన సంగతి ఉపన్యసిస్తాం. ఆయనే సవరభాష నేర్చి, సొంత ఖర్చుతో సవరపిల్లలకు బడులు పెట్టిన సంగతి మాత్రం దాటవేస్తాం. తెలుగుపిల్లవాడికి గ్రాంథికం ఎంత బరువో, కోయపిల్లవాడికి మన వాచకం అంతకు పదింతలు. వ్యావహారిక వారసులమని చెప్పుకునే మనమే అక్కడ గ్రాంథికవాదులమై కూర్చున్నాం.

“తెలుగూ ఇంగ్లీషూ రాకపోతే ఉద్యోగాలెలా?” అంటారు. రావాలి, కాదన్నదెవరు? తెలిసిన మాటనుంచి తెలియని మాటకు నడిపించడమే కదా బోధన! అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధనకు పూనుకున్నారు కూడా. కాబట్టి దారి తెలియదనే సాకు చెల్లదు.

కోయ రాని పంతుల్ని ఆ బడికి పంపిన ప్రభుత్వానికీ, ఏళ్ళు గడిచినా పది కోయమాటలు నేర్వని ఉపాధ్యాయుడికీ, ఇవి చూస్తూ నోరు మెదపని మన రచయితలకూ లేదు శ్రద్ధ. కోయ వచ్చిన ఉపాధ్యాయుణ్ణి, కోయ వాచకాన్ని ఆ బడులకు ఇవ్వాలని మన సంఘం తీర్మానించాలి. అంతవరకూ ఆ పిల్లల శ్రద్ధను తూచే హక్కు మనకు లేదు.