బొమ్మలకు బస్సు ప్రయాణం

అటక మీంచి బొమ్మల పెట్టెలు దించే రోజులు వచ్చేశాయి. మీ ఇంట్లో కొలువు పెట్టే అలవాటుంటే ఈపాటికి మెట్లకు బల్లలు వెతుక్కుంటూ ఉంటారు. కోస్తా వైపు చాలామంది సంక్రాంతికి పెడతారు గానీ, మన పడమటి మండలాల్లో, అటు అరవ దేశమూ ఇటు కన్నడ దేశమూ తగిలే ఊళ్లలో, కొలువంటే దసరా కొలువే. మూడు మెట్లో, అయిదో, ఏడో, తొమ్మిదో, ఎవరి ఓపికను బట్టి వాళ్లు.

కొలువు ఎట్లా తీర్చాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆ బొమ్మల్ని చెయ్యి విరక్కుండా, మెడ ఊడకుండా, పైగా మన చేతి డబ్బు వదలకుండా ఎట్లా చేర్చాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. ఈ సంగతి చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉంది లెండి. ఒకసారి నా చేతులారా పాడు చేసినదాన్ని!

మా పుట్టిల్లు మదనపల్లె. నన్నిచ్చింది పుంగనూరుకు, మా అక్కనిచ్చింది కుప్పానికి. 1996లో అక్కావాళ్లు కొత్తింట్లో చేరారు. ‘ఈ ఏడు కొలువు మా ఇంట్లో పెడదామమ్మా’ అని అక్క అడిగితే అమ్మ సరేనంది. అందులో మా అవ్వ కంచిలో కొన్న గీతోపదేశం రథం ఉంది. (కంచిలో బొమ్మలు చేసేవాళ్లకంటూ ఒక వీధే ఉంది, తెలుసు కదా.) నాలుగు గుర్రాలు, పగ్గాలు పట్టుకున్న కృష్ణుడు, విల్లు కింద పడేసి కూర్చున్న అర్జునుడు. దాని ముందూ వెనకా పెట్టడానికి బొటనవేలంత కాల్బలం, కౌరవులు ఒక పక్క, పాండవులు ఒక పక్క. కురుక్షేత్రం మొత్తం ఒక మెట్టు మీద పట్టేది.

నేనేం చేశానంటారా? మార్కెట్టు నుంచి పెద్ద కొయ్య పెట్టె ఒకటి తెప్పించాను. అప్పట్లో మదనపల్లె టమోటాలు ఆ పెట్టెల్లోనే పోయేవి. అడుగున ఊక పోశాను, బొమ్మలు పేర్చాను, పైన మళ్లీ ఊక పోశాను. మేకులు కొట్టించి బస్సు టాపు మీద వేయించాను. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరి పెట్టె తెరిస్తే ఊకంతా అడుక్కు దిగిపోయి ఉంది. బొమ్మలు పైన ఒకదాన్నొకటి కొట్టుకుంటూ వచ్చాయి. రెండు గుర్రాలకు కాళ్లు లేవు. కృష్ణుడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయింది.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. చేట తెమ్మని అడిగి, ఆ ఊకంతా కొంచెం కొంచెంగా పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. ఊక ఎగిరిపోయి మట్టి ముక్కలు చేటలో మిగిలాయి. గోరంత ముక్కను కూడా వదలకుండా ఏరి చీరకొంగులో మూట కట్టుకుంది. దసరా వెళ్లాక మదనపల్లెకు తీసుకుపోయి ఫెవికాల్‌తో తనే అతికింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్క బొమ్మను గడప దాటనివ్వలేదు.

ఈ ఏడు తనే పిలిచి చెప్పింది. ‘నాకు మెట్లు కట్టే ఓపిక లేదు. అన్నీ మీ అక్క ఇంటికి చేర్చు. నువ్వే తీసుకుపో’ అని. ఆ ‘నువ్వే’ అన్న మాటకు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదంటే నమ్ముతారా?

ముందు ఊక సంగతి తేల్చుకుందాం. సోలతో బియ్యం కొలిచేటప్పుడు నిండుగా పోసి కాస్త కుదిపితే ఏమవుతుంది? కిందికి దిగి పైన ఖాళీ వస్తుంది కదా. పెట్టెలో ఊక కూడా అంతే. అన్ని మైళ్లు బస్సు కుదిపితే దిగకుండా ఉంటుందా! దానికి తోడు దుమ్ము బొమ్మల మడతల్లో దూరి పీడిస్తుంది, పురుగు కూడా పడుతుంది. అందుకని పొడిపొడిగా ఉండేది ఏదైనా సరే వదులుగా పోయకండి. వేరుశెనక్కాయల పొట్టు మన వైపు ఊరికే దొరుకుతుంది, తేలిక కూడా. కానీ దాన్ని పాత దిండు గలేబుల్లో నింపి, మూతి కుట్టేసి, చిన్న చిన్న దిండ్లలాగా పెట్టె సందుల్లో దోపండి. గలేబు దిగదు, దుమ్మూ రాదు. బాగా ఎండిన వరిగడ్డి అయినా పర్వాలేదు గానీ, పచ్చివాసన కొంచెం వచ్చినా వద్దు, బూజు పడుతుంది.

బొమ్మకు మొదటి చుట్టు ఎప్పుడూ పాత నూలు గుడ్డే. తాతగారి పంచె, చిరిగిన చీర, ఉతికి ఉతికి మెత్తబడింది ఏదైనా మంచిదే. న్యూస్‌పేపరు నేరుగా చుడితే అచ్చు సిరా రంగుకు అంటుకుంటుంది, తెల్లటి సరస్వతి ముఖం మీద అక్షరాలు చూసుకోవలసిందే! పేపరు రెండో చుట్టుకు వాడండి. బుడగల ప్లాస్టిక్ కవరు ఉంటే మూడో చుట్టుకు. అది కూడా రంగుకు తగిలితే అంటుకుని గుండ్రటి మచ్చలు పడతాయి. గుడ్డ చుట్టేటప్పుడు చేతిని, ఆయుధాన్ని, గొడుగును పట్టి బిగించకండి. నడుముకు బిగువుగా చుట్టి, ఎత్తిన చెయ్యి కిందా మెడ పక్కనా ఉన్న ఖాళీలో గుడ్డపేలికలు ఉండలు చేసి పెట్టండి. బొమ్మ విరిగేది ఎక్కువగా అక్కడే. పెట్టెలోంచి తీసేటప్పుడు కూడా అంతే, చెయ్యి పట్టుకుని లాగకుండా కిందనుంచి ఎత్తాలి, పసిబిడ్డను ఎత్తినట్టు.

అన్ని బొమ్మలూ ఒక జాతివి కావు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యతో చేస్తారు. చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారు కాబట్టి వాటికి తేమ పడదు. ఏటికొప్పాక, చెన్నపట్నం బొమ్మలకు లక్కపూత ఉంటుంది. లక్క వేడికి మెత్తబడుతుంది. కారు అద్దాలు మూసి ఎండలో నిలిపి భోజనానికి వెళ్లారో, వచ్చేసరికి గుడ్డ బొమ్మకు పట్టేసి ఉంటుంది. పెళ్లిలో పుట్టింటివాళ్లిచ్చిన ఎర్రచందనం జంట బొమ్మలకు ఇవేవీ అక్కర్లేదు, చీర మడతలో పెట్టినా చెక్కుచెదరవు. పలమనేరు వైపు కాల్చిన మట్టి బొమ్మలు గట్టివే గానీ బరువు, వాటిని అడుగున పెట్టాలి. కాగితం గుజ్జు బొమ్మలు ఎప్పుడూ పైనే. తేమ అన్నాను కదా, మన వైపు దసరాకు వానలు పట్టుకోవడం మామూలే. కట్టే ముందు ఒక పూట నీడలో ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే రంగు పొలుసులు లేస్తుంది.

ఇక చిన్న బొమ్మల విషయం. కురుక్షేత్రం కాల్బలానికి నేను ఏ ఉపాయమూ తోచక తల పట్టుకుని ఉంటే, అక్క కొడుకు దారి చూపించాడు. వాడు బెంగుళూరులో ఉద్యోగం. అక్కడ స్నేహితులతో కలిసి బల్ల మీద యుద్ధం ఆడతాడట! ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సిపాయిలు, అంటే అంగుళం కంటే రవ్వంత ఎక్కువ. ఒక్కొక్కడికీ కళ్లూ మీసాలూ సన్న కుంచెతో తనే రంగు వేస్తాడు. మొదట విని నవ్వాను. ఇదేమీ నిన్నమొన్నటి ఆట కాదట, హెచ్.జి.వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లోనే బొమ్మ సిపాయిలతో యుద్ధం ఆడే పద్ధతి మీద ‘లిటిల్ వార్స్’ అని పుస్తకమే రాశాడు. వాడి సేనను వాడు రైల్లో కుప్పం తెచ్చి, పెట్టె మూత తీసి, ‘చూడు చిన్నమ్మా’ అని తలకిందులు చేశాడు. నా గుండె ఆగినంత పనైంది. ఒక్కడు కూడా పడలేదు!

రహస్యం ఏమిటంటే, ప్రతి సిపాయి పీట కింద చిన్న బిళ్ల అయస్కాంతం అతికి ఉంది. పెట్టె రేకు డబ్బా. మనం కూడా చేసుకోవచ్చు. పండక్కి వచ్చే బిస్కెట్ల రేకు డబ్బా చాలు. స్టీలు డబ్బా అయితే ఇంకా బాగుంటుందేమో అనుకోకండి, మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం పట్టదు. ముందు అంటించి చూసుకోండి. తేలిక బొమ్మలకే ఇది పనికొస్తుంది, బరువైన మట్టి బొమ్మను అయస్కాంతం మీద నమ్మకం పెట్టి తిప్పకండి. ఒక్క హెచ్చరిక. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పని చెయ్యనే వద్దు. ఊడిపోయిన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. మా అక్క ఇంట్లో ఏడాదిన్నర మనవరాలు తిరుగుతోంది కాబట్టి నేను వద్దనేశాను.

నేను వాడింది కోడిగుడ్ల అట్టలు. సరుకుల అంగట్లో అడిగితే ఊరికే ఇచ్చారు. ఒక్కో గుంటలో ఒక్కో సిపాయిని గుడ్డపేలికతో చుట్టి కూర్చోబెట్టి, పైన ఇంకో అట్ట బోర్లించి నాడాతో కట్టేశాను. అట్టకు ముప్పై గుంటలు కాబట్టి లెక్క కూడా తేలిగ్గా తేలిపోతుంది. కౌరవులు ఒక అట్ట, పాండవులు ఒక అట్ట. (పాండవులు ఇద్దరు తక్కువ. వాళ్లు ఏ దసరాకు పోయారో అమ్మకు కూడా గుర్తు లేదు.) సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర స్పాంజి ముక్కలు చవగ్గా దొరుకుతాయి. బొమ్మ ఆకారానికి కత్తితో గుంట తొలిచి పడుకోబెడితే దివ్యంగా ఉంటుంది, కానీ ప్రయాణానికి మాత్రమే. ఏడాదంతా అందులోనే వదిలేస్తే స్పాంజి పొడిపొడై రంగుకు అతుక్కుంటుంది.

పెట్టెకు ఇప్పుడు టమోటాలకు వాడే ప్లాస్టిక్ క్రేటు పట్టుకున్నాను. చేతికి పట్టు ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పెట్టినా కిందిదాని మీద బరువు పడదు. తెలిసినవాళ్లనడిగి రెండు తెచ్చి, శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, చుట్టూ పాత దుప్పటి పరిచాను. సర్దాక మూత కట్టి రెండు చేతులతో మెల్లగా ఊపాను. లోపల టక్కుమంది. విప్పి ఇంకో దిండు దోపాను. మళ్లీ ఊపాను. చప్పుడు ఆగేదాకా ఇదే పని. మీరూ ఇది మాత్రం మానకండి, ఇంట్లో వినపడిన చప్పుడు దారిలో ముక్కలవుతుంది. కట్టేముందు కొలువు ఫోటో ఒకటి, విడివిడిగా బొమ్మల ఫోటోలు కొన్ని ఫోనులో తీసుకుంటే ఏ బొమ్మ ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.

బండి మాట్లాడుకుంటే ఎంతవుతుందో కనుక్కుని నోరు మూసుకున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు కదా. అందుకని ఒకేసారి మోసుకుపోకుండా రెండు విడతలు వెళ్లాను. మొదటి విడత బరువు బొమ్మలు, రెండో విడత రథమూ, సేనా. తెల్లవారి మొదటి బస్సు ఎక్కితే జనం ఉండరు, క్రేటు కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. వెనక సీట్లలో కూర్చోకండి, చక్రం దాటిన చోట ఎగిరేసినంత వేరే ఎక్కడా ఎగరెయ్యదు. మధ్యలో కూర్చోండి. టాపు మీదికి ఎవరు ఎక్కిస్తానన్నా వద్దు, నా మాట వినండి.

రథం క్రేటులో పెట్టలేదు. గుర్రాల కాళ్ల మధ్య దూది నింపి, రథం కింద దిండు వేసి, ఒక అట్టపెట్టెలో ఒళ్లో పెట్టుకున్నాను. పుంగనూరు బస్టాండులో మా ఆయన మంచినీళ్ల సీసా కిటికీలోంచి అందిస్తే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ ‘ఏం కేకు తీసుకుపోతున్నావా తల్లీ’ అని అడిగింది. గీతోపదేశం అని చెప్పాను. కాసేపయ్యాక ఆవిడే ఒక పక్క చెయ్యి వేసి పట్టుకుంది, వి.కోటలో దిగేదాకా.

ఒకవేళ ఏదైనా విరిగితే కంగారుపడి ఊడ్చి పారెయ్యకండి. ముక్కలన్నీ ఒక కవరులో వేసి ఏ బొమ్మవో రాసి పెట్టండి. మట్టి బొమ్మకు తెల్ల ఫెవికాల్ పల్చగా రాసి, దారంతో కట్టి, ఒక రోజంతా కదల్చకుండా ఉంచాలి. బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడిచెయ్యాలి, రంగు మీద రుద్దకుండా. పెద్ద ముక్క ఎగిరిపోయి ఖాళీ ఏర్పడితే ఎం-సీల్ ముద్ద నింపి, ఆరాక రంగు వేసుకోవచ్చు.

కుప్పంలో అక్క ముందు పెట్టె విప్పుతుంటే అమ్మ ఫోను. ఎట్లా చేరావు, తిన్నావా అని ఏమీ లేదు. ‘చెయ్యి?’ అంది. చూశాను. అమ్మ అతికిన గీత మణికట్టు చుట్టూ గాజులాగా అట్లాగే ఉంది. ఉందమ్మా అన్నాను. ‘సరే, రథాన్ని గోడకు దగ్గరగా పెట్టొద్దు, చెమ్మ’ అని పెట్టేసింది.

అక్క అప్పుడే గుడ్ల అట్టలు చెత్తబుట్టలో వెయ్యబోయింది. లాక్కుని మంచం కింద దాచి వచ్చాను. విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టాక మర్నాడు మళ్లీ అవే కావాలి.